నాన్నల్ని ఎక్కనిచ్చే వైపు

ముందే ఒప్పేసుకుంటే తర్వాత గొడవ ఉండదు. నేను పెంచి చెప్పే మనిషిని. చేపను చూస్తే తిమింగలం అంటాను. తిమింగలాన్ని చూస్తే దాని వీపు మీద ఎన్ని డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు పడతాయో లెక్కేస్తాను. మా ఆవిడ నా మాటల్లో ముందు సగం కొట్టేస్తుంది. మిగిలినదాంట్లో మళ్ళీ సగం కొట్టేస్తుంది. అప్పటికీ ఏమైనా మిగిలితే "ఊఁ, తర్వాత?" అంటుంది. మా కాపురం ఆ పద్ధతి మీదే సాఫీగా నడుస్తోంది. మీరూ అదే పాటించండి.

నార్త్ కరోలినాలోని క్యారీలో ఒక చిన్న ట్రావెల్ ఏజెన్సీలో పనిచేశాను. తెలుగు కుటుంబాలను గుంపుగా పోగుచేసి, సియాటెల్‌లో ఓడెక్కించి, అలాస్కా చూపించి, మళ్ళీ సియాటెల్‌లో దింపడం నా ఉద్యోగం. గ్రూప్ ఎస్కార్ట్ అంటారు. యాభై ఆరేళ్ళకే రిటైర్మెంటేమిటని అడుగుతున్నారు. అలాస్కా ఎలుగుబంట్లు నన్ను చూసి "మళ్ళీ వచ్చాడురా" అని మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు మానేశాను.

ఇప్పుడు నా కుర్చీలోకి ఇద్దరు కొత్తవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి పనికొచ్చేది ఏదైనా రాసి పెట్టమని మా ఓనర్ ప్రసాదరావు గారు అడిగారు. టికెట్ బుక్ చేయడం కంప్యూటర్ చెబుతుంది. రాయితీలు ప్రసాదరావు గారే చెబుతారు, వద్దన్నా చెబుతారు. నేను చెప్పగలిగింది భయం గురించి. మన దగ్గరికి వచ్చేవాళ్ళు సెలవు కొనుక్కుందామనే వస్తారు. కానీ వచ్చేటప్పుడు ఒక భయాన్ని చంకన పెట్టుకొస్తారు. వందేళ్ళు దాటినా ఆ భయానికి పేరు మారలేదు. టైటానిక్.

ఏమనుకోవద్దు అన్నప్పుడే

బుకింగ్‌కి ముందు మనవాళ్ళు ఎవరో ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో మీటింగ్ పెడతారు. నేను వెళ్ళి మంచుకొండల ఫొటోలు చూపిస్తాను. సమోసాలు అయిపోతాయి. ఫొటోలు అయిపోతాయి. ఒక నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దం ఎంత దట్టంగా ఉంటుందంటే దాన్ని కోసి ప్లేట్లలో పెట్టి పంచొచ్చు. అప్పుడొకరు గొంతు సవరించుకుంటారు.

వర్జీనియాలోని షాంటిలీలో ఆ గొంతు భాస్కర్ రెడ్డిది. సాఫ్ట్‌వేర్ మనిషి. టైటానిక్ మీద లోకంలో ఉన్న వీడియోలన్నీ చూశాడు. లేనివి కూడా చూశాడని నా అనుమానం.

"అన్నా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు."

"టైటానిక్ గురించే కదా."

"నీకెట్ల తెల్సు?"

"ఏమనుకోవద్దు అన్నావుగా."

"సరే గానీ, దాంట్ల మమ్మీ ఉండెనంట గదా. దాని శాపం తగిలే మునిగిందంట."

"మమ్మీలు చాలామంది ఉన్నారు, పిల్లల్ని వెంటపెట్టుకుని. నువ్వడిగే ఈజిప్టు మమ్మీ మాత్రం లేదు. ఎవరో అల్లిన కథ."

బేస్‌మెంట్‌లో కొందరు నవ్వారు. భాస్కర్ రెడ్డి నవ్వలేదు. అతని దగ్గర ఇంకా చాలా ఉన్నాయి.

"నాలుగో పొగగొట్టం ఉత్తదే అంట. షో కోసం పెట్టిన్రంట."

"బాయిలర్ల పొగ దాంట్లోంచి వచ్చేది కాదు, నిజమే. లోపలికి గాలి ఆడటానికి పనికొచ్చేది. చూడ్డానికీ బాగుండేది. రెండూ నిజమే."

"రెండు ముక్కలైందా, కాలేదా?"

"అయింది. బతికి బయటపడ్డవాళ్ళలో కొందరు అప్పుడే చెప్పారు. విచారణ చేసినవాళ్ళు నమ్మలేదు. చాలా ఏళ్ళ తర్వాత సముద్రం అడుగున చూస్తే రెండు ముక్కలుగానే ఉంది."

"మరి దేవుడు కూడా ముంచలేడు అన్నరంట గదా. ఎవరన్నరు?"

కొత్తవాళ్ళు ఇక్కడ కొంచెం ఆగండి, ఈ ప్రశ్న ప్రతి మీటింగ్‌లోనూ వస్తుంది. ఓడ బయలుదేరకముందు దాని గురించి రాసిన రాతల్లో 'మునగదు' అని ఒట్టిగా లేదు. పక్కనే 'దాదాపు' అనో, 'వీలైనంత వరకు' అనో తగిలించి ఉంది. మునిగాక జనం నోళ్ళలో ఆ చిన్నమాట రాలిపోయింది. 'దాదాపు మునగదు' అన్నదాంట్లో కథ లేదు. 'మునగదు' అంటే కథ ఉంది. నాలాంటివాడికి ఇది బాగా తెలుసు. నేను బతికిందే దాదాపులు రాల్చుకుంటూ.

చివరికి అసలు ప్రశ్న వచ్చింది. పడవలు.

"సగం మందికే ఉండెనంట గదా అన్నా. పైసలు మిగుల్చుకుందామనా?"

"అప్పటి చట్టం అడిగినదానికన్నా ఎక్కువే ఉన్నాయి, భాస్కర్. చట్టం చిన్న ఓడల కాలంలో రాసింది. ఓడలు పెరిగాయి, చట్టం పెరగలేదు."

"అంటే కాగితాల మీద అన్నీ కరెక్టే."

"అన్నీ కరెక్టే."

"అయినా మునిగిన్రు."

"అవును."

"మా హెచ్-వన్ వీసా లెక్క," అన్నాడు.

ఈసారి ఒక్కరు కూడా నవ్వలేదు. నేను కూడా మాట మార్చి, ఆ ప్రమాదం తర్వాతే ప్రతి ఓడలోనూ అందరికీ చాలినన్ని పడవలుండాలని రూల్ వచ్చిందనీ, సముద్రంలో తేలే మంచుకొండల మీద నిఘా పెట్టారనీ, ఓడెక్కగానే డ్రిల్ చేయిస్తారనీ చెప్పాను. అందరూ తలలూపారు. రూల్ ఉందంటే తలూపడం మనవాళ్ళకి అలవాటే. కానీ రూల్ ఉందంటే ధైర్యం వస్తుందని మాత్రం అనుకోకండి.

ప్రసాదరావు గారి సర్దుబాటు

ప్రసాదరావు గారి గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మంచి మనిషి. సూట్‌కేస్ సర్దడంలో ఆయన్ని మించినవాడు ఉత్తర అమెరికా ఖండంలో లేడు. ఆయన సర్దిన పెట్టెలో సాక్సుల్లో దువ్వెనలు, దువ్వెనల పళ్ళ మధ్య యాలకులు ఉంటాయి. అదే చేత్తో మనుషుల్ని కూడా సర్దేవారు.

ఓడలో గదిని క్యాబిన్ అంటారు. ముగ్గురున్న ఇంటికి నలుగురు పట్టే క్యాబిన్ ఇస్తే ఒక పక్క ఖాళీగా పోతుంది. ఆ ఖాళీ పక్క ప్రసాదరావు గారికి పంట్లో ఇరుక్కున్న పీచులా ఉండేది. అందుకని ఆయనొక పద్ధతి కనిపెట్టారు. రెండు ఇళ్ళ తల్లుల్నీ, పిల్లల్నీ ఒక పెద్ద క్యాబిన్‌లో వేయడం, ఇద్దరు తండ్రుల్నీ ఇంకోచోట చిన్న క్యాబిన్‌లో వేయడం. రేటు తగ్గేది. జనానికి కూడా నచ్చేది. మగవాళ్ళకి పేకాట, ఆడవాళ్ళకి కబుర్లు, పిల్లలకి తోడు. ఫిర్యాదు చేసినవాళ్ళు లేరు.

ఒక్క సంగతే ఎవరికీ తట్టలేదు. ఓడలో ప్రమాదం వస్తే ఎవరు ఏ పడవ దగ్గర నిలబడాలన్నది క్యాబిన్‌ని బట్టి ఉంటుంది. ఆ చోటుని స్టేషన్ అంటారు. తల్లీ పిల్లా ఒక స్టేషన్‌లో, తండ్రి ఇంకో స్టేషన్‌లో. కొన్నిసార్లు ఒకరు ఓడ కుడి పక్కన, ఇంకొకరు ఎడమ పక్కన. మధ్యలో ఓ చిన్న ఊరంత ఓడ. అది మా సర్దుబాటుకి పుట్టిన చిక్కు. ఓడ కంపెనీకి దాంతో సంబంధం లేదు. నేను కూడా ఏళ్ళ తరబడి ఆ క్యాబిన్ల వరుస చూసి "భలే కుదిరింది సార్" అన్నవాడినే.

ఆ వేసవిలో భాస్కర్ రెడ్డికి జతగా కుదిరినవాడు వేణు.

వేణు స్టాంపింగ్

వేణు జార్జియాలోని కమ్మింగ్ నుంచి వచ్చాడు. ముప్ఫై ఏడెనిమిది ఏళ్ళుంటాయి. మెల్లగా మాట్లాడతాడు. ఒకటికి రెండుసార్లు మాట్లాడతాడు, మొదటిసారి ఎవరికీ వినపడదు కాబట్టి. భార్య లావణ్య. కూతురు సహస్ర, తొమ్మిదేళ్ళది, జార్జియాలో పుట్టింది.

మా ఓడ అలాస్కా నుంచి వెనక్కి వస్తూ కెనడాలో విక్టోరియా రేవులో ఆగుతుంది. ఆగేది కాసేపే. కానీ కెనడా కెనడాయే. దేశం దాటినట్టే, తిరిగి రావాలంటే మళ్ళీ అడిగి రావలసిందే. లావణ్యకి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ కొత్తది, కిందటిసారి ఇండియా వెళ్ళినప్పుడు వేయించుకుంది. వేణు ప్రాజెక్ట్ వదిలి వెళ్ళలేకపోయాడు. అతని ఉద్యోగానికి అప్రూవల్ ఉంది, స్టాంప్ మాత్రం గడువు దాటింది. కెనడాకి కొద్ది రోజులు వెళ్ళొచ్చేవాళ్ళని పాత స్టాంప్‌తోనే రానిస్తారని రూల్ ఉంది. లాయర్ కూడా అదే చెప్పాడు.

ఓడెక్కిన రోజు నుంచి వేణు నన్ను అదే అడుగుతున్నాడు. లిఫ్ట్‌లో, బఫే లైన్‌లో, ఆ లైన్ కెనడా సరిహద్దు దాకా ఉండేది, అక్కడా.

"మూర్తి గారూ, ఇంతకుముందు మీ గ్రూపుల్లో నాలాగా ఎవరైనా..."

"చాలామంది వెళ్ళొచ్చారండీ."

"అందర్నీ రానిచ్చారా?"

"అందర్నీ."

"అందర్నీ అంటే, దాదాపు అందర్నీనా?"

"వేణు గారూ, అందర్నీ."

"అంటే ఏదైనా తేడా వస్తే ఏంటని. ఉద్యోగం, ఇల్లు, పిల్ల స్కూలు, అన్నీ ఇటువైపు ఉంటాయి కదండీ. నేను అటువైపు ఉంటాను."

లావణ్య విసుక్కుంది. "బుక్ చేసేముందు ఆలోచించాల్సింది. ఇప్పుడు ఓడ దూకుతావా?"

"దూకితే కూడా ఏ దేశపు నీళ్ళో చూసుకుని దూకాలి," అన్నాడు వేణు.

అతను జోకు వేయడం నేను విన్నది ఆ ఒక్కసారే. పక్కనే సహస్ర ఐస్‌క్రీమ్ కప్పులో చెంచా తిప్పుతోంది. పిల్లలకి తెలుగు సరిగా రాదని మనం వాళ్ళ ముందే అన్నీ మాట్లాడేస్తాం. మాట్లాడటం రాదేమో గానీ వినడం వస్తుంది. 'నాన్నని రానివ్వరేమో' అన్నంత తెలుగు ఏ పిల్లకైనా అర్థమవుతుంది.

మంచుకొండ చూడబోయే రోజు పొద్దున టిఫిన్ దగ్గర సహస్ర నా ఎదురుగా వచ్చి కూర్చుంది. తల్లి కాఫీ కోసం వెళ్ళింది. తండ్రి ఎక్కడో లాయర్ ఈమెయిల్ కోసం వైఫై వెతుక్కుంటున్నాడు.

"అంకుల్, టైటానిక్‌లో డాడీస్‌ని బోట్ ఎక్కడానికి లెట్ చేశారా?"

ఇన్నేళ్ళలో నన్ను ఇంత చక్కని ప్రశ్న పెద్దవాళ్ళెవరూ అడగలేదు. నేను పొంగిపోయాను. పొంగిపోయినా ఒక్క చుక్క పెంచకుండా, అచ్చంగా జరిగిందే చెప్పాను. ముందు ఆడవాళ్ళని, పిల్లల్ని పడవల్లోకి ఎక్కించమని కెప్టెన్ ఆజ్ఞ. ఓడ ఎడమ పక్కన ఉన్న ఆఫీసర్ దాన్ని 'ఆడవాళ్ళు, పిల్లలు మాత్రమే' అని అర్థం చేసుకున్నాడు. కుడి పక్కన ఉన్న ఆఫీసర్ 'ముందు వాళ్ళు, తర్వాత చోటుంటే మగవాళ్ళు' అని అర్థం చేసుకున్నాడు. ఒకే ఓడ, ఒకే మాట, రెండు పక్కల రెండు అర్థాలు.

"సో, లెఫ్ట్ సైడ్ డాడీస్ నో. రైట్ సైడ్ డాడీస్ మేబీ."

"కరెక్ట్."

ఆ పిల్ల తన చేతికున్న ప్లాస్టిక్ బ్యాండ్ వైపు చూసుకుంది. పిల్లలకి ఓడలో అది కడతారు, ఏ స్టేషన్‌కి చేర్చాలో దాని మీద ఉంటుంది.

"నాది రైట్. నాన్నది ఏ సైడ్?"

మా గ్రూపులో ఎవరి క్యాబిన్ ఎక్కడో నాకు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. "ఎడమ," అన్నాను, స్ట్రాబెర్రీ నోట్లో వేసుకుంటూ.

సహస్ర పాన్‌కేక్ మళ్ళీ ముట్టుకోలేదు. పాన్‌కేక్ బాగాలేదేమో అనుకున్నాను.

ఏడు పొట్టివి, ఒక పొడుగుది

మంచుకొండ చూసి ఓడ వెనక్కి తిరిగాక, మధ్యాహ్నం భోజనాలై జనం కునుకు తీస్తుండగా హారన్ మోగింది. ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. మొదటి రోజు డ్రిల్‌లో అందరికీ చెప్పిన మోత అదే. తర్వాత కెప్టెన్ గొంతు. బట్టలు ఉతికే చోట పొగ వచ్చింది, మా వాళ్ళు చూస్తున్నారు, జాగ్రత్త కోసం అందరూ మీమీ స్టేషన్లకి రండి. చాలా నెమ్మదైన గొంతు. ఆ నెమ్మది విని మావాళ్ళకి ఇంకా భయమేసింది.

నా స్టేషన్ కుడి పక్క డెక్ మీద, పడవల కింద. బయట పొగమంచు. నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. నా గుంపు ఒక్కొక్కరే వస్తున్నారు. వాళ్ళని చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సగం మంది చేతుల్లో లైఫ్ జాకెట్ లేదు, ప్లాస్టిక్ ఫోల్డర్ ఉంది. పాస్‌పోర్ట్, ఐ-797, అంటే ఇక్కడ పనిచేసుకోవచ్చని గవర్నమెంట్ ఇచ్చే అప్రూవల్ కాగితం, మూడేళ్ళ జీతం చీటీలు. ఒకాయన ఆ ఫోల్డర్‌ని జిప్ కవర్‌లో వేసి, ఆ కవర్‌ని ఇంకో జిప్ కవర్‌లో వేసి, తను మాత్రం బనీను మీద వచ్చాడు. నీళ్ళలో పడితే తను తడిసినా కాగితం తడవకూడదు.

ఓడ సిబ్బందిలో ఒకామె మా కార్డులు స్కాన్ చేస్తోంది. ఓపికున్న మనిషి. జాకెట్ లేనివాళ్ళకి జాకెట్లు ఇచ్చింది. అప్పుడు లావణ్య వచ్చింది, పక్కన భాస్కర్ రెడ్డి కూతురు అనన్య. అనన్య తల్లి ఓడ ఊగుడుకి తల తిరిగి అప్పటికే ఓ మూల కూలబడి ఉంది. సహస్ర లేదు.

"అన్నయ్యా, సహస్ర ఇక్కడికి రాలేదా? ఇద్దరూ ఐస్‌క్రీమ్‌కని పైకెళ్ళారు. ఇది ఒక్కతే వచ్చింది."

అనన్య వేలితో ఓడ మధ్యకి చూపించింది. "షీ వెంట్ దట్ వే, ఆంటీ. వాళ్ళ డాడ్ రాంగ్ సైడ్‌లో ఉన్నాడంట. గెట్ చేసుకుని వస్తా అంది."

"రాంగ్ సైడ్ ఏంటే?" అంది లావణ్య. "ఎవరు చెప్పారు దానికి?"

నాకు వెంటనే తెలిసింది. "నేనే," అన్నాను. "పొద్దున."

లావణ్య నా వైపు చూసి "అన్నయ్యా" అంది. తిట్టినా బాగుండేది.

స్కానర్ పట్టుకున్నామెకి చెప్పాను. ఆమె రేడియోలో చెప్పింది. లావణ్య వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. స్టేషన్‌కి వచ్చినవాళ్ళు కదలకూడదు, మా వాళ్ళు వెతుకుతారు అంది. ఆమె చెప్పింది న్యాయమే. అందరూ అందర్నీ వెతుక్కుంటూ తిరిగితే ఆ ఓడలో ఎవరూ ఎవరికీ దొరకరు.

"అన్నయ్యా, మీరు చెప్పండి. నన్ను వెళ్ళనివ్వమనండి."

"వెళ్ళనివ్వరమ్మా."

"పిల్ల లిఫ్ట్‌లో ఇరుక్కుంటే? పొగ ఉన్నవైపు పోతే? దానికి దారి తెలుసా అసలు?"

తెలీదు. ఓడలో దారి నాకే సరిగా తెలీదు. ఎన్నిసార్లు వెళ్ళినా జిమ్ అనుకుని తలుపు తీస్తే పెళ్ళిళ్ళ చాపెల్ వచ్చేది. మెట్ల నిండా జనం కిందికి దిగుతుంటే ఆ పిల్ల వాళ్ళకి అడ్డంగా, ఓడ ఈ పక్క నుంచి ఆ పక్కకి పోతోంది. రేడియో గరగరమనేది, మేమందరం అటు తిరిగేవాళ్ళం, అది వేరే ఎవరి గురించో అయ్యేది. ఒకసారి ఎవరో పిల్ల దొరికిందన్నారు. లావణ్య నా మోచెయ్యి పట్టుకుంది. ఎర్ర జుట్టు పిల్లట. చెయ్యి వదలలేదు. అనన్య ఏడుపు మొదలుపెట్టింది. బనీను ఆయన ఫోల్డర్ కింద పెట్టి ఆ పిల్లని ఎత్తుకున్నాడు.

అప్పుడు రేడియో మళ్ళీ మోగింది. స్కానర్ ఆమె విని, లావణ్య భుజం మీద చెయ్యేసింది. పాప ఎడమ పక్క స్టేషన్‌లో ఉంది. తండ్రి దగ్గర ఉంది.

అటుపక్క ఏం జరిగిందో తర్వాత భాస్కర్ రెడ్డి చెప్పాడు. అతను వేణు పక్కనే నిలబడి ఉన్నాడు.

"గుంపుల నుంచి దూరుకుంట వచ్చిందన్నా. వచ్చి ఆయన జాకెట్ తాడు పట్టుకుని గుంజుతుంది. 'నాన్నా, కమ్. దిస్ సైడ్ డాడీస్‌ని లెట్ చేయరు. కమ్ టు మై సైడ్' అంటది. ఓడవాళ్ళేమో దాని బ్యాండ్ చూసి, నీది అటుపక్క, పోదాం పా అంటరు. అది తాడు ఇడవదు. మాకెవ్వలకీ సమజ్ కాలే. నేనడిగిన, ఎవలు చెప్పిన్రు బిడ్డా అని. మూర్తి అంకుల్ అన్నది. నువ్వు మామూలుగా చెప్పే తీర్గ కోతలు చెప్తే ఏం కాకపోవు గదా అన్నా. నిజం చెప్పినవ్, చూడు ఏమైందో."

వేణు మోకాళ్ళ మీద కూర్చుని కూతురి మొహంలోకి చూశాడు. "ఎక్కనివ్వకపోతే నీ స్కూల్ బ్యాగ్‌లో దూరి కూర్చుంటా. నువ్వు జిప్ వేసెయ్, ఎవరికీ చెప్పకు," అన్నాడు. సహస్ర నవ్వింది. చుట్టుపక్కలవాళ్ళు కూడా నవ్వారు. అక్కడి సిబ్బందిలో పెద్దామె కాసేపు ఆలోచించి, పాపని తండ్రి దగ్గరే ఉండనిచ్చి, రేడియోలో మా పక్కకి చెప్పింది.

పొగ బట్టలు ఆరబెట్టే మిషన్‌లోంచి వచ్చింది. ఆర్పేశారు. అందర్నీ క్యాబిన్లకి వెళ్ళమన్నారు. బఫేలో పకోడీల్లాంటివేవో పెట్టారు. వాటిని పకోడీలనడం కూడా నా కోతే.

కొత్తవాళ్ళకి రెండు ముక్కలు

విక్టోరియాలో ఓడ ఆగగానే ప్రసాదరావు గారికి ఫోన్ చేశాను.

"ఇకనుంచి ఒక ఇంటివాళ్ళంతా ఒకే స్టేషన్ సార్."

"ఖాళీ పక్క పోతుందయ్యా."

"పోనీండి."

"రేటు పెరిగితే జనం రారు."

"రాకపోతే మానేద్దాం సార్. నేను మళ్ళీ ఒక తల్లి పక్కన అలా నిలబడను."

"సరే. పేకాటవాళ్ళు గొడవచేస్తే నువ్వే చెప్పుకో," అన్నారు. నన్నడిగితే ఆయన మంచి ఓనరే. మనుషులు సాక్సులు కారని చెప్పేవాడు పక్కన ఉండాలి, అంతే. మీరు ఆ పని మానకండి.

రెండోది. టైటానిక్ గురించి అడిగితే జవాబు చెప్పేముందు అడిగినవాళ్ళ మొహం చూడండి. భాస్కర్ రెడ్డి అడిగితే టైటానిక్ గురించే అడుగుతున్నాడు. వేణు కూతురు అడిగింది టైటానిక్ గురించి కాదు. దానికి చెప్పాల్సిన జవాబు చరిత్రలో లేదు. 'ఈ ఓడలో అందరికీ పడవలున్నాయమ్మా, రెండు పక్కలా నాన్నల్ని ఎక్కనిస్తారు' అంటే సరిపోయేది. అదీ నిజమే. నాకా పూట ఆ నిజం చిన్నగా కనిపించింది.

సియాటెల్‌లో

దిగే రోజు పొద్దున రేవు హాల్లో రెండు వరుసలు. సిటిజన్లు ఒక పక్క, మిగతావాళ్ళు ఇంకో పక్క. దారి చూపించే అతను సహస్ర చేతిలో అమెరికన్ పాస్‌పోర్ట్ చూసి, నువ్వు ఇటు రావచ్చు, అమ్మానాన్నలు అటు అన్నాడు. వెంటనే సర్దుకుని, పిల్ల వాళ్ళతో వెళ్ళినా పర్లేదన్నాడు. రెండో మాట చెప్పేలోపే సహస్ర తండ్రి చొక్కా అంచు పట్టుకుంది.

నేను పక్క వరుసలో, వాళ్ళకి కొంచెం వెనకగా ఉన్నాను. వేణు మెడ వెనక చెమట కనిపిస్తోంది. లావణ్యని అట్టే అడగలేదు. వేణు పాస్‌పోర్ట్ దగ్గర ఆఫీసర్ ఆగాడు. గడువు దాటిన స్టాంప్ చూశాడు. వేణు ఫోల్డర్‌లోంచి అప్రూవల్ తీసి ఇచ్చాడు, రూల్ ప్రింట్ కూడా తీసి ఇచ్చాడు. ఆఫీసర్ స్క్రీన్ చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ స్క్రీన్ చూశాడు. పక్క కిటికీ ఆయన్ని ఏదో అడిగాడు. మా వరుస ముందుకి కదిలినా నేను కదల్లేదు. వెనకాయన నన్ను తోశాడు. తోస్తే తోశాడు.

ఆఫీసర్ కౌంటర్ మీద నుంచి వంగి కిందకి చూశాడు. ఈయన నీకు ఏమవుతాడని సహస్రని అడిగాడు.

"హీ ఈజ్ మై డాడ్," అంది సహస్ర. "హీ ఈజ్ విత్ మీ."

ఆఫీసర్ నవ్వలేదు. పాస్‌పోర్ట్ మీద ఏదో చూసుకుని, మూసి, వేణు చేతికిచ్చాడు. వెళ్ళండి అన్నట్టు తలూపాడు. వేణు వెళ్ళలేదు. వెళ్ళమన్నాడని నమ్మకం కుదరక అక్కడే నిలబడ్డాడు. సహస్రే చొక్కా పట్టుకుని లాక్కెళ్ళింది.

కల్పించింది

చదివినవాళ్ళు ఆ చివరి మాట నేను అల్లానని అనుకుంటారు. కాదు. సహస్ర ఆ మాటే అంది, నేను విన్నాను. ఫోల్డర్లు నిజం. బనీను ఆయన నిజం. బఫే లైన్ కెనడా దాకా లేదు, అది మీరే కొట్టేసి ఉంటారు.

పూర్తిగా నేను పుట్టించింది స్కూల్ బ్యాగ్ మాట. వేణు ఆ మాట అనలేదు, పిల్ల నవ్వలేదు, ఎవరూ నవ్వలేదు. ఒక తండ్రి అంత భయంలో ఏదో ఒకటి అనాలని నాకనిపించి, నా దగ్గరున్నది తీసి అతని నోట్లో పెట్టాను. భాస్కర్ రెడ్డి చెప్పింది వేరే. వేణు ఏమీ మాట్లాడలేదట. పిల్లని దగ్గరకి తీసుకోబోతే ఇద్దరి లైఫ్ జాకెట్లూ అడ్డం వచ్చాయట, ఎంత లాక్కున్నా మధ్యలో ఆ లావుపాటి ఫోమ్. అతను తన జాకెట్ బకిల్ ఊడదీశాడు. ఓడవాళ్ళు వేసుకోమని గట్టిగా అరిచారు. విప్పి కింద పడేసి, పిల్లని పట్టుకున్నాడు.